చిక్కడపల్లిలో రద్దీ - జిల్లా బోర్డులలో ఖాళీ

నల్గొండ జిల్లా పల్లెలలో డిగ్రీ చేతికి వచ్చిన కుర్రవాడు యిప్పుడేం చేస్తున్నాడని తల్లిదండ్రులను అడిగితే, పది యిళ్ళలో నాలుగైదు యిళ్ళ నుంచి ఒకే జవాబు వస్తున్నది- "అశోక్‌నగర్‌లో రూము తీసుకున్నాడు, గ్రూప్స్‌కు చదువుతున్నాడు" అని. దేవరకొండ మెట్టల నుంచి మిర్యాలగూడ ఆయకట్టు వరకు చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ అనే మూడు పేర్లు నేడు పక్క వూరి పేర్లంత పరిచయమైపోయినవి. హైదరాబాదు నడిబొడ్డున ఒకదానికొకటి ఆనుకుని వున్న ఈ పేటలలో సందుకొక కోచింగు సెంటరు, మెట్ల కింద జిరాక్స్ మిషను, మేడపైన మంచానికింత అని అద్దె వసూలు చేసే హాస్టలు, నెలకు టోకెన్ల పుస్తకం యిచ్చే మెస్సు. వీటన్నిటికీ నడుమ నగర కేంద్ర గ్రంథాలయం.

ఆ గ్రంథాలయానికి తెల్లవారగానే వెళ్ళి చూసినవారికి ఒక సంగతి తెలుస్తుంది. లోపల హాలులో చోటు దొరకనివారు ఆవరణలో చెట్ల కింద, గోడ పక్కన, మెట్లమీద కూర్చుని చదువుతుంటారు. వారిలో ఎక్కువమంది చేతిలో వున్నవి గ్రంథాలయం పుస్తకాలు కావు, తాము కొనుక్కున్నవో, స్నేహితుల వద్ద జిరాక్స్ తీయించుకున్నవో. అంటే వారు నగరానికి వచ్చింది పుస్తకం కోసం మాత్రమే కాదు. ఒక కుర్చీ, ఒక ఫ్యాను, నాలుగు గంటలు ఎవరూ పిలవని నిశ్శబ్దం, చుట్టూ తనలాగే చదివేవారు- వీటి కోసం వచ్చారు. నల్గొండ నుంచి రెండున్నర, మూడు గంటలు బస్సులో ప్రయాణం చేసి, ఎకరమో అరెకరమో కౌలు సొమ్మును గది అద్దెకు ధారపోసి మన పిల్లలు కొనుక్కుంటున్నది ముఖ్యంగా ఇదే. కుర్చీ, ఫ్యాను, నిశ్శబ్దం జిల్లాలో ఎందుకు దొరకలేదన్నది ప్రశ్న. వాటికి మనం ముందే డబ్బు కట్టివున్నాం కనుక ఈ ప్రశ్న అడిగే హక్కు కూడా మనకున్నది.

యింటిపన్ను రసీదు తీసి చూడండి. అందులో గ్రంథాలయ పన్ను అని ఒక పద్దు వుంటుంది. రూపాయి పన్నుకు 8 పైసలు. 1960లో ఆంధ్రప్రదేశ్ ప్రజా గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో అంతవరకు అమలులో వున్న 1948 నాటి మద్రాసు చట్టం, తెలంగాణలో వున్న 1955 నాటి హైదరాబాదు చట్టం రెండింటి స్థానంలో ఈ ఒక్క చట్టం అమలైంది. ప్రతి జిల్లాకు ఒక జిల్లా గ్రంథాలయ సంస్థ, హైదరాబాదు నగరానికి విడిగా ఒక నగర గ్రంథాలయ సంస్థ ఏర్పడినవి. పంచాయతీలు, మునిసిపాలిటీలు యింటిపన్నుతోపాటు ఈ పన్ను వసూలు చేసి సంస్థకు జమ కట్టాలి, సంస్థ ఆ సొమ్ముతో గ్రంథాలయాలు నడపాలి. ఏర్పాటు యింతే.

ఒక వూరికి లెక్క వేసి చూద్దాం. 500 గడపల వూరు, గడపకు సగటున 600 రూపాయల పన్ను అనుకుంటే మొత్తం 3 లక్షలు. దానిపై గ్రంథాలయ పన్ను 24 వేలు. పెద్ద మొత్తం కాకపోవచ్చు. కాని అటువంటి వూళ్ళు మండలానికి యిరవై వుంటే ఏటా దాదాపు 5 లక్షలు అవుతుంది. మండల కేంద్రంలో ఒక చదువుల గదికి బల్లలు, కుర్చీలు, కరెంటు, పోటీ పరీక్షల పుస్తకాలు సమకూర్చడానికి ఈ సొమ్ము చాలుతుంది. అయితే వసూలైన సొమ్ము సంస్థకు సక్రమంగా చేరడం లేదన్నది పాత జబ్బు. వసూలు చేసిన పంచాయతీ దానిని వీధిదీపాల బిల్లుకో, పారిశుద్ధ్యం జీతాలకో వాడుకుంటుంది. సంస్థ నోటీసులు పంపుతుంది, నోటీసులు ఫైలులో చేరుతాయి. ఈ జబ్బు పల్లెలకు మాత్రమే పరిమితం కాదు. హైదరాబాదు మహానగర పాలక సంస్థ నుంచి నగర గ్రంథాలయ సంస్థకు రావలసిన బకాయిలు కోట్లలో పేరుకుపోయాయన్న వార్తలు పత్రికలలో ఎన్నోసార్లు వచ్చాయి. నగరంలో ఆసాములు కట్టిన పన్నే అక్కడ చిక్కుపడితే, గ్రామపంచాయతీ వద్ద చిక్కుపడినందుకు ఆశ్చర్యపడనక్కరలేదు. కాని ఊరుకోనక్కర కూడా లేదు.

శాఖా గ్రంథాలయాల వేళల సంగతి కూడా చెప్పుకోవాలి. చాలాచోట్ల ఉదయం 8 నుంచి 11 వరకు, సాయంత్రం 4 నుంచి 7 వరకు తెరిచి వుంటాయి. శుక్రవారం సెలవు. ఎవరి కోసం ఈ వేళలు? ఉద్యోగానికి పోయేముందు, వచ్చిన తరువాత దినపత్రిక చదువుకునే పెద్దమనుషుల కోసం ఒకనాడు ఏర్పాటు చేసినవి. అప్పటికి అది సబబే. నేడు రోజుకు పది గంటలు చదవవలసిన అభ్యర్థికి పట్టపగలు 11 గంటలకు తాళం వేసే గ్రంథాలయం పనికిరాదు. ఆ తాళం చూసే అతడు అశోక్‌నగర్ బస్సు ఎక్కుతున్నాడు. వేళలు మార్చడానికి శాసనసభలో చట్టం చేయనక్కరలేదు. జిల్లా సంస్థ కూర్చుని ఆలోచించి, అదనపు సిబ్బందికి ప్రతిపాదన పంపి, ప్రభుత్వం వెంటపడితే చాలు. అయితే కూర్చుని ఆలోచించేది ఎవరు?

అసలు చిక్కు అంతా యిక్కడ వున్నది. జిల్లా గ్రంథాలయ సంస్థకు అధ్యక్షుడిని ప్రభుత్వం నియమిస్తుంది. పన్ను కట్టేది గ్రామస్థుడు, అధ్యక్షుడిని ఎంచేది రాజధాని. కనుక ఆ పదవి చాలా కాలంగా పార్టీకి పనిచేసినవారికి యిచ్చే తాంబూలంగా మారింది. ప్రభుత్వం మారితే అధ్యక్షుడు మారతాడు. కొత్తవారి నియామకం ఆలస్యమైతే అధికారి చేతిలో సంస్థ నడుస్తుంది. అధ్యక్షులలో పుస్తకమంటే ప్రాణం పెట్టేవారు లేకపోలేదు, వారు చేసిన మేలు కాదనడం లేదు. కాని తమ వూరి గ్రంథాలయం ఎందుకు మూతపడిందని గ్రామస్థుడు నిలదీయడానికి, నిలదీస్తే పదవి పోతుందని ఆయన భయపడడానికి ఈ ఏర్పాటులో తావు లేదు. పైగా 2016 అక్టోబరు 11న ఉమ్మడి నల్గొండ జిల్లా నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి అని మూడు జిల్లాలు అయినప్పుడు సంస్థలు కూడా మూడైనవి. కుర్చీలు మూడైనంత సులువుగా సిబ్బంది మూడింతలు కాలేదు.

చదువు మీద జిల్లాకు అధికారం వుండాలన్నది కొత్త సంగతి కాదు. కోస్తా, రాయలసీమ జిల్లాలలో పాతకాలం వారు నేటికీ "బోర్డు హైస్కూలు" అంటారు. మద్రాసు ప్రభుత్వ కాలంలో జిల్లా బోర్డులు నడిపిన బడులవి. మనకు నిజాం పాలనలో ఆ భాగ్యం కూడా లేదు. బొల్లేపల్లిలో పుట్టిన రావి నారాయణరెడ్డి చదువుకోసం హైదరాబాదు వెళ్ళి రెడ్డి హాస్టలులో వుండవలసి వచ్చింది. నారాయణగూడలో 1928లో మాడపాటి హనుమంతరావు తెలుగులో బోధించే ఆడపిల్లల ఉన్నత పాఠశాల స్థాపించినప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం వల్ల ప్రయోజనం లేకపోయింది. అక్కడ బోధన ఉర్దూలో. చివరకు ఆ బడి పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం కావలసి వచ్చింది. సొంత నగరంలో సొంత భాషలో చదివే బాలికలకు పరీక్ష పెట్టే అధికారం వందల మైళ్ళ దూరాన వున్నవారి చేతిలో వున్నదన్నమాట. ఆ బడిని నిలబెట్టింది చందాలు పోగుచేసిన పెద్దలు, పిల్లలను పంపిన తల్లిదండ్రులు. నేడు నారాయణగూడ వీధుల్లో కోచింగు బోర్డుల కింద నడిచే మన ఆడపిల్లలలో ఎంతమందికి ఈ కథ తెలుసునో!

1959 నవంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు అమలులోకి వచ్చినవి. దేశంలో రాజస్థాన్ తరువాత మనదే. ఆనాటి నుంచి ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తువి. నేటికీ బడి గోడమీద "జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల" అని రాసి వుంటుంది. పరిషత్తులో విద్య, వైద్య సేవలకు ఒక స్థాయీ సంఘం వుంటుంది. జడ్పీటీసీ సభ్యులు అందులో కూర్చుని జిల్లా విద్యాశాఖాధికారిని ప్రశ్నించవచ్చు. 1993 ఏప్రిల్‌లో అమలైన 73వ రాజ్యాంగ సవరణ యింకా ముందుకు పోయింది. పంచాయతీరాజ్ సంస్థలకు అప్పగించదగినవని చెప్పిన 29 అంశాలలో ప్రాథమిక, మాధ్యమిక విద్య 17వది, సాంకేతిక శిక్షణ, వృత్తివిద్య 18వది, వయోజన విద్య 19వది, గ్రంథాలయాలు 20వది. నాలుగూ వరుసగా ఒకచోట. రాజ్యాంగం రాసినవారి ఉద్దేశం స్పష్టం: బడి, పనితనం, పుస్తకం మూడూ ఒకే చావడిలో చర్చకు రావాలి.

కాని దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యలేదు. గోడమీద పేరు పరిషత్తుదే, ఉపాధ్యాయుల నియామకం, బదిలీ, జీతం, పాఠ్యపుస్తకం, పరీక్ష అన్నీ రాష్ట్ర శాఖవి. యింటర్మీడియట్‌కు ఒక బోర్డు, సాంకేతిక విద్యకు మరొక బోర్డు- రెండూ రాజధానిలోనే. మిగిలిన ఆ కాస్త ప్రశ్నించే అవకాశం కూడా 2024 జూలైలో పరిషత్తుల పదవీకాలం ముగిసినప్పుడు పోయింది. సకాలంలో ఎన్నికలు జరగలేదు, ప్రత్యేకాధికారుల పాలన ఏడాది దాటింది. స్థాయీ సంఘం సమావేశం లేదు, ప్రశ్న లేదు, జవాబు లేదు. ప్రత్యేకాధికారి ఎంత సమర్థుడైనా ఆయన తన పై అధికారికి జవాబుదారి, మునుగోడు రైతుకు కాదు.

పనితనం నేర్పే వ్యవస్థ మరింత దూరంగా వున్నది. దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం వెలిసింది. మిర్యాలగూడ చుట్టూ రైసు మిల్లులున్నాయి. చౌటుప్పల్ వైపు మందుల కర్మాగారాలు, హుజూర్‌నగర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు. వీటికి వెల్డర్లు, ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, బాయిలరు నడిపేవారు, మిల్లు మిషన్లు బాగుచేసేవారు ఎల్లకాలం కావాలి. ఉమ్మడి జిల్లాలో యిన్ని చిమ్నీలు లేచినా, మన డిగ్రీ పిల్లవాడి చూపు మాత్రం చిక్కడపల్లి మీదనే వున్నది. తప్పు వాడిది కాదు. ఏ కర్మాగారానికి ఏ పని తెలిసినవారు ఎంతమంది కావాలో, ఏ ఐటీఐలో ఏ ట్రేడు నేర్పుతున్నారో రెండూ కలిపి చెప్పిన మనిషి వాడికి తటస్థపడలేదు.

చెప్పవలసిన కమిటీలు లేవా అంటే, కాగితం మీద వున్నాయి. 2007లో కేంద్ర ప్రభుత్వం దేశంలోని 1,396 ప్రభుత్వ ఐటీఐలకు ఒక్కొక్కదానికి రెండున్నర కోట్ల రూపాయల వడ్డీలేని అప్పు యిచ్చే పథకం పెట్టి, పారిశ్రామికవేత్తలు అధ్యక్షులుగా యాజమాన్య కమిటీలు వేసింది. 2018లో మొదలైన సంకల్ప్ పథకం కింద జిల్లాకొక నైపుణ్య కమిటీ, కలెక్టరు అధ్యక్షులు. జిల్లా అవసరాలనుబట్టి నైపుణ్య ప్రణాళిక తయారుచేయడం దాని పని. 2024లో రాష్ట్రంలోని 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి 2,324 కోట్ల రూపాయల వ్యయంతో ఆధునిక కేంద్రాలుగా మార్చే కార్యక్రమం మొదలైంది. అదే సంవత్సరం ఆగస్టు 1న రంగారెడ్డి జిల్లా కందుకూరు మండలంలో నైపుణ్య విశ్వవిద్యాలయానికి శంకుస్థాపన జరిగింది, దాని బోర్డుకు ఆనంద్ మహీంద్రాను అధ్యక్షుడిగా ఎంచారు. యివన్నీ మంచి పనులే. ఐటీఐలలో నాన్నల కాలంనాటి లేతు మిషన్ల మీద నేర్చుకుని వచ్చిన కుర్రవాడిని కర్మాగారంవారు మళ్ళీ మొదటినుంచి నేర్చుకోమంటున్నారన్న ఫిర్యాదు పాతదే. కొత్త మిషన్లు రావడం సంతోషకరం. అయితే ఈ కమిటీలన్నిటిలో వున్నవారు ఎవరు? కలెక్టరు, శాఖాధికారులు, పారిశ్రామికవేత్తలు. శిక్షణ పొందే పిల్లవాడి తల్లిదండ్రులకు, సర్పంచుకు, శిక్షణ పూర్తిచేసి రెండేళ్ళుగా ఖాళీగా వున్న వ్యక్తికి అక్కడ మాట్లాడే అవకాశం లేదు. కమిటీ ఎప్పుడు కూడిందో, ఏం తీర్మానించిందో గ్రామపంచాయతీ నోటీసు బోర్డుకు ఎక్కదు.

బోర్డులు వేసినంత మాత్రాన పని జరగదనడానికి సీమ దేశమే ఉదాహరణ. ఇంగ్లండులో 2001లో పదహారేళ్ళు దాటినవారి చదువు, శిక్షణ ఖర్చు చూడడానికి ఒక మహామండలి, దానికింద 47 స్థానిక మండలులు పెట్టారు. స్థానిక మండలులకు పేరు వచ్చింది కాని అధికారం పైనే వుండిపోయింది. చివరకు 2010లో మొత్తం వ్యవస్థనే రద్దు చేశారు. డబ్బున్న దేశం కనుక తొమ్మిదేళ్ళ ప్రయోగం చేసి తుడిచేసుకుంది. మనకు అంత విలాసం లేదు.

అశోక్‌నగర్‌కు తిరిగి వద్దాం. పైనున్న సంస్థ తడబడితే కిందివారు ఎంత నష్టపోతారో అక్కడ గదులలో వుండే పిల్లలు కళ్ళారా చూశారు. 2022 ఏప్రిల్‌లో 503 గ్రూప్-1 ఉద్యోగాలకు ప్రకటన వెలువడింది. అక్టోబరు 16న ప్రిలిమ్స్ రాశారు. ప్రశ్నపత్రాలు లీకైన సంగతి బయటపడి 2023 మార్చిలో పరీక్ష రద్దు. జూన్ 11న మళ్ళీ రాశారు. సెప్టెంబరులో హైకోర్టు దానినీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 ఉద్యోగాలకు కొత్త ప్రకటన, మెయిన్స్ అక్టోబరు 21న మొదలు. ఆ నెలలో అశోక్‌నగర్ రోడ్లమీద ఆందోళన, అరెస్టులు. రెండున్నరేళ్ళపాటు పల్లె నుంచి నెలనెలా పంపిన అద్దె, మెస్సు బిల్లు ఎవరు తిరిగి యిస్తారు? 2023 నవంబరులో ఎన్నికల వేళ రాహుల్ గాంధీ అశోక్‌నగర్ వచ్చి అభ్యర్థులతో మాట్లాడారు. అన్ని పార్టీలవారూ ఆ గ్రంథాలయం పేరు చెప్పి ఓట్లడిగారు. నాయకులకు ఆ గ్రంథాలయం దారి బాగా తెలుసు. మన మండల గ్రంథాలయం దారే వారికి తెలియవలసి వున్నది.

కోచింగు కోసం నగరానికి పోవడం తప్పని ఎవరూ అనరు. మంచి గురువు ఎక్కడుంటే అక్కడికి పోవలసిందే. కాని పోయేవాడు గురువు కోసం పోవాలి, కుర్చీ కోసం కాదు. పైగా ఈ బస్సు ఎక్కగలిగేది కాస్తో కూస్తో వున్నవారి కొడుకులే. పెళ్ళి సంబంధాలు చూస్తున్న యింట్లో ఆడపిల్ల, పత్తి చేనులో తండ్రికి సాయం చేస్తున్న పెద్దకొడుకు, కూలి దంపతుల బిడ్డ- వీరికి మండల గ్రంథాలయం మూసివుంటే మరో దారి లేదు. జిల్లా కేంద్రాల్లో బీసీ, ఎస్సీ స్టడీ సర్కిళ్ళు వున్నా వాటిలో సీట్లు పరిమితం. చిక్కడపల్లిలో చెట్టుకింద కూర్చున్నవారిని చూసి జాలిపడతాం. అక్కడిదాకా కూడా రాలేనివారు మనకు కనిపించరు.

2025 డిసెంబరులో మూడు విడతలుగా గ్రామపంచాయతీ ఎన్నికలు జరిగి, దాదాపు రెండేళ్ళ తరువాత వూళ్ళకు సర్పంచులు వచ్చారు. వారు ముందుగా చూడవలసిన పుస్తకం పంచాయతీ పన్నుల పద్దు. గ్రంథాలయ పన్ను కింద ఎంత వసూలైంది, జిల్లా సంస్థకు ఎంత జమ కట్టారు, మిగిలినది ఎక్కడుంది- ఈ మూడు అంకెలు గ్రామసభలో చదివి వినిపించమని గ్రామస్థులు కోరాలి. యివ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు. గ్రామస్థాయి కార్యాలయంలో అందుకు రుసుము కూడా అక్కరలేదు. పంచాయతీయే పన్ను వాడుకుని గ్రంథాలయం లేదని జిల్లా సంస్థను తిట్టడం న్యాయం కాదు. ముందు మన బకాయి తీర్చి, తరువాత నిలదీద్దాం.

జిల్లా నైపుణ్య కమిటీ సమావేశాల తీర్మానాలు తెలుగులో ప్రతి పంచాయతీకి పంపవలసిందిగా కలెక్టరుగారిని కోరుతున్నాం. యిందుకు ఖర్చు కాగితం ఖర్చే. ప్రభుత్వం చేయవలసినవి వేరే వున్నాయి. గ్రంథాలయ సంస్థలలో సర్పంచులకు, పాఠకులకు తగినన్ని స్థానాలుండేలా చట్టం సవరించడం అందులో మొదటిది. ఐటీఐ కమిటీలలో జిల్లా పరిషత్ సభ్యులకు స్థానం రెండవది. ఆ సభ్యులు అన్నవారు వుండాలంటే ఎన్నికలు వాయిదా పడకుండా ఐదేళ్ళకొకసారి జరగాలి.

అంతవరకు ఆగలేనిది ఒకటున్నది. మండల కేంద్రంలో గ్రంథాలయాన్ని ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు కూడా తెరిచి వుంచడానికి కావలసినది ఒక మనిషి జీతం, రెండు డజన్ల కుర్చీలు, కరెంటు బిల్లు. మండలంలోని సర్పంచులు ఒకచోట కూర్చుని, తమ పంచాయతీలు కట్టవలసిన గ్రంథాలయ పన్ను బకాయి ఎంతో, ఈ ఖర్చు ఎంతో పక్కపక్కన రాసి, సంతకాలు చేసి, ఈ నెలాఖరులోగా నల్గొండలోని జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి అందజేయాలి. నకలు ఒకటి తహశీలు కార్యాలయం నోటీసు బోర్డుకు అంటించాలి.